రాయి కింది బొగ్గు

ఎర్రచెల్క, పానగల్లు దగ్గర
1950 జనవరి 8, ఆదివారం

బిడ్డా నిర్మలా,

దొర నన్ను పిలిచిండు! మల్ల హద్దు నడువుమన్నడు!

ముందుగాల క్షేమ సమాచారం రాయాలె, నువ్వు బడిల పిల్లలకు గదే నేర్పుతవ్. కని సంతోషం ఆగుతలేదు, గందుకే ముందే కక్కేసిన. ఇప్పుడు రాస్తున్న. నేను మంచిగున్న. మోకాళ్లు మంచిగ లేవు, గవి ఎన్నడు మంచిగున్నయ్. మీ సుక్కమ్మ అత్త మంచిగుంది, ఆమె నోరు ఇంక మంచిగుంది. అల్లుడు దానియేలుకు నా దీవెనలు చెప్పు.

ఇగ విను. మన ఊర్ల కాలేజి కడ్తరట. పిల్లలు ఆడనే తిని ఆడనే పండుకొని చదివే కాలేజి. కట్టేది ఎవరనుకున్నవ్? మన మురారిరావు దొర. పట్నం పోకముందు దొర నెత్తి మీద రూమీ టోపి ఉండె, మిలిట్రీ లారీ ఎనుక మల్ల ఊర్లెకొచ్చేటప్పుడు తెల్లటోపి ఉన్నది. టోపి మారితే మనిషి ఎంత మారుతడో సూడు, ఏకంగ కాలేజే కడ్తనంటున్నడు.

నిన్న పొద్దున గడి నుంచి మనిషొచ్చిండు. నేను అలవాటు కొద్ది చెప్పులు చేతవట్టుకొని పోయిన. దొర సూసి, "తొడుక్కోవోయ్ ఇస్రాయేలూ, ఇప్పుడు రోజులు మారినయ్" అన్నడు. గడి అరుగు మీద, చెప్పులతోని! కూసోమని బల్ల గూడ సూపిచ్చిండు. కూసున్న. అర్వై ఏండ్లల్ల గడిల కూసునుడు గదే మొదలు. బల్ల నిండ నల్లులున్నయ్, గది వేరే ముచ్చట.

అచ్చేసిన కాగితం చేతికిచ్చిండు. దాని మీద కాలేజి బొమ్మ ఉన్నది. మూడంతస్తులు, గుమ్మటాలు, ముందట ఫౌంటెను. మన బాయిల నీళ్లు ఎండకాలం అడుగంటుతయ్ గని బొమ్మల మాత్రం మస్తుగ ఎగురుతున్నయ్. పేరు "మురారిరావు వసతి కళాశాల." సచ్చినంక చెక్కే పేరును బతికుండంగనే చెక్కించుకునే అదృష్టం ఎవరికొస్తది చెప్పు. కూడబలుక్కొని చదివిన: "మామిడి తోపుల చల్లని నీడలో, ఊరుమ్మడి జాగాలో, మునుల ఆశ్రమం వలె." ఎంత మంచిగ రాసిండ్రు!

కట్టేది పాములగుట్ట కింది బంచరాయిల. ఊరి పసులు మేసే ఉమ్మడి జాగ. దొర ఊర్లె లేని సంగం కాలంల మనకు రెండెకురాలు, సుక్కమ్మకు ఎకురం, ఇంక ముప్పై ఇండ్లకు పంచిండ్రు గదా, గదే. మన ఆముదాలు గిప్పుడే గెలలు వట్టినయ్. వచ్చే నెల తాసిల్దారు విచారణకొస్తడు. కాలేజికి ఉమ్మడి జాగ ఇయ్యాల్నంటే ముందుగాల హద్దు తేలాలె. దొర మామిడితోట ఏడిదాంక, బంచరాయి ఏడికెల్లి అని. పట్వారి దఫ్తరాలను సంగపోళ్లు కాలవెట్టిండ్రు, భూముల నక్ష లేదు. కాగితాలు లేవు గన్క ఇప్పుడు సేత్‌సింధి కాళ్లే దిక్కు.

నువ్వు మిషను బడిల పెరిగినదానివి, మర్చిపోయి ఉంటవ్. ఊరి కావలి పని మన ఇంటిది. హద్దు తగాద వస్తె సేత్‌సింధి తానం చేసి, తడిబట్టతోని, గా జాగల మట్టిగడ్డను నెత్తిన వెట్టుకొని నడుస్తడు. ఆయన నడిచిందే హద్దు. ఎంత పెద్ద అధికారైనా ఎనుకనే నడువాలె. నడిచొచ్చినంక ఇంటి ఆడమనిషి ఎదురొచ్చి గా మట్టి దించుతది. అప్పుడే పని ముగిసినట్టు. అబద్ధం నడిచినోన్ని గా మట్టి ఇడువదంటరు. మనం ప్రభువును నమ్ముకున్నం గని మట్టి మట్టే గదా బిడ్డా.

ముప్పై ఒక్క ఏండ్ల కింద, మీ అమ్మ కొత్తగ కాపురానికొచ్చిన ఏడు, ఒక్కసారి నడిచిన. మల్ల నడిచే భాగ్యం వస్తదని కలల గూడ అనుకోలే. సంతోషానికి బువ్వ దిగుతలేదు.

దొర నీ సంగతి గూడ అడిగిండు. కాలేజి అయినంక వంటశాల మీద పెత్తనం నీకే ఇస్తడట.

మోకాళ్ల నొప్పులు మర్చిపోయిన మీ నాయిన,
ఇస్రాయేలు


జడ్చర్ల
జనవరి 15

నాయినకు నిర్మల నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి సిగ్గయింది.

గడిల బల్ల మీద కూసున్ననని ఎంత సంబురంగ రాసినవ్! అర్వై ఏండ్లు నిలవెట్టినోడు ఒక్క పూట కూసోవెడితే నీకు గంత సంతోషమా? ఆ బల్ల మీది నల్లులకు గూడ నీకన్న పౌరుషమున్నది నాయినా, అవి కూసున్నోన్ని కుడ్తయ్.

మురారిరావు కాలేజి కడ్తడట! కొడుకును నాలుగో తరగతి గట్టెక్కించలేక మూడు బడులు మార్చిన మనిషి. సంగపోళ్లు గడి మీదికొస్తున్నరంటే దొరసాని చీర కప్పుకొని, పరదా బండిల పండి పట్నం ఉరికిన మనిషి. ఆయనకు ఇప్పుడు చదువు మీద ప్రేమ పుట్టింది. ఎందుకు పుట్టిందో ఆముదపు చేను కాడ కావలున్న దిష్టిబొమ్మనడుగు, చెప్తది. పంచిన భూమిని దౌర్జన్యంగ గుంజుకుంటే కొత్త సర్కారు ఏమంటదో అని భయం. కాలేజికంటే ఎవరు కాదంటరు? సరస్వతి పేరు చెప్పి చేను మేసే ఎద్దు అది.

ఆ అచ్చు కాగితం మా బడికి గూడ వచ్చింది, చందా అడుగుకుంట. నువ్వు మామిడి తోపు కాడ, మునుల కాడ ఆగిపోయినవ్. నేను కింది వరుస గూడ చదివిన: "ఉన్నత కుటుంబముల బాలురకు మాత్రమే." మన వాడ పిల్లలు గూడ ఆ కాలేజికి పోతరులే, పోకుంటే ఎంగిలి విస్తర్లు ఎవరెత్తాలె?

నాకు వంటశాల పెత్తనమట. వాళ్ల వంటింటి గడప నన్ను తొక్కనిస్తరా? ఆ మాట అంటున్నప్పుడు దొర నవ్వకుండ ఎట్లున్నడో, విని నువ్వు నవ్వకుండ ఎట్లొచ్చినవో నాకు తెల్వదు.

అమ్మ ఇక్కడి దవాఖానల కన్ను మూసేదాంక నిన్ను ఒక్కటే మాటన్నది, "నీ నెత్తి మీది మట్టి ఇంక దిగలే" అని. చిన్నప్పటి సంది వింటున్న. తానం సరిగ చేయవని తిడ్తుందనుకునేదాన్ని. ఇప్పుడర్థమైంది. గడి ఊడిగమే ఆ మట్టి. ఆమె పోయినంక గూడ నువ్వు దాన్ని దించుకుంటలేవు.

నడువనని చెప్పు. మోకాళ్లు నొస్తున్నయని చెప్పు. ఆ ఒక్క అబద్ధానికి దేవుడు ఏమనుకోడు.

నిర్మల


ఎర్రచెల్క
జనవరి 28

బిడ్డా నిర్మలకు, ఇంక సంతోషంగనే ఉన్న నాయిన రాసేది.

నీ ఉత్తరం అందింది. నాకంటె ముందు దొరకు అందింది. మిలిట్రీ క్యాంపు గడిల పడ్డ సంది ఉత్తరాల టప్పా సంచి ఆడనే దిగుతది, ఆడనే ఎక్కుతది. ఈ సంగతి నీకు తెల్వది.

నీ ఉత్తరాన్ని దొర పది మంది ముందట తన నోటితోనే చదివిండు. చీర ముచ్చట కాడ జర దగ్గి, గా వరుస ఎగవెట్టి కింది వరుస అందుకున్నడు. మొత్తం చదివి మస్తు సంతోషపడ్డడు. "సూసినవా, ఇస్రాయేలు మన మనిషని సొంత బిడ్డనే రాసిచ్చింది!" అని పట్వారి వీపు మీద చరిచిండు. నాకు కొత్త తువ్వాల ఇచ్చిండు. ఎర్ర అంచు తువ్వాల. రెండు చేతులతోని తీసుకున్న.

నువ్వు అడిగినదానికి జవాబు: నడుస్త. మోకాళ్లు పనిచేయకుంటే పాకుత. ఎందుకని అడగకు. కొన్ని ముచ్చట్లు సంచిల పోయేటివి కావు.

మొన్న గడి ముందట జెండ ఎగిరేసిండ్రు. తాడు దొర గుంజిండు. ముడి ఇప్పుకోలే. ఇంక గట్టిగ గుంజిండు, ఇంక గట్టిగ బిగిసింది. ఆఖరికి మన వాడ పిలగాడు సైదులు కట్టె ఎక్కి ఇప్పిండు. జెండ ఎగిరింది. పట్వారి "చప్పట్లు కొట్టుండ్రి" అంటె అందరం దొరకు కొట్టినం. సైదులు గూడ కట్టె మీదికెల్లే దొరకు కొట్టిండు.

సుక్కమ్మ నాతోని మాట్లాడుతలేదు. మీ అత్త నోరు మూసుకుందంటే వాడల పిట్టలు గూడ బెదిరినయ్. నాకు వినవడేటట్టు సైదులుతోని అంటది, "మా అన్నకు గడి బల్ల మీద కూసున్న సంది నడుము వంగుతలేదంట, నల్లులు లోపలికి పోయినయేమొ సూడరాదురా." నవ్వొచ్చింది కని నవ్వలే. నవ్వితే మాట్లాడినట్టైతదని ఆమె ఇంక దూరం పోతది.

మొదటి ఆముదాల గెలలు కోసిన. మంచి గింజ. రెండెకురాలు మీ అమ్మ సూసి ఉంటె ఎట్లుండునో. తాసిల్దారు వచ్చేది ఫిబ్రవరి 25 తారీకు. జర ఓపిక వట్టు.

మీ నాయిన,
ఇస్రాయేలు


జడ్చర్ల
ఫిబ్రవరి 4

నాయినా,

నడుస్తనన్నవ్. మంచిది. అయితే నేను గూడ ఒక పని చేస్తున్న.

తాసిల్దారుకు దరఖాస్తు రాస్తున్న. ఎర్రచెల్క ఇస్రాయేలు గడి మనిషని, బల్లకు తువ్వాలకు అమ్ముడువోయిండని, ఆయన నడిచిన హద్దు చెల్లకూడదని రాస్తున్న. కింద సంతకం "పై మనిషి సొంత బిడ్డ నిర్మలమ్మ." మూడుసార్లు చింపి నాలుగోసారి రాసిన. చేతి రాత వంకరవోయింది. నా పిల్లలు గిట్ల రాస్తే ఊకోను.

నీ అల్లుడు వద్దంటున్నడు. "మీ నాయిన గట్లాంటోడు కాదు, ఏదో ఉన్నది" అంటడు. ఏమున్నదో నువ్వు చెప్పకపాయె. తువ్వాలకు ఎర్ర అంచున్నదని మాత్రం చెప్పినవ్.

ఈ ఉత్తరం దొరగారు గూడ చదువుతరు గన్క ఆయనకు రెండు ముక్కలు. దొరగారూ, మా బడిల రెండో తరగతి పిల్లలకు నేను ఒకటి చెప్త: గట్టిగ చదివేటప్పుడు వరుస ఎగవెట్టొద్దు. చీర వరుస మల్ల ఒకసారి చదువుండ్రి. మీకు యాదికి లేకున్నా అది ఏ రంగు చీరో ఊరందరికి యాదికున్నది.

నిర్మలమ్మ


ఎర్రచెల్క
ఫిబ్రవరి 9
(కార్డు)

బిడ్డా, దరఖాస్తు వెయ్యకు. నీ కాళ్లు మొక్కుత. నన్ను నడువనీ. ఒక్కసారి నడువనీ. ఎక్కువ రాయ. వెయ్యకు.

నాయిన


జడ్చర్ల
ఫిబ్రవరి 14

వేసిన.

దొరకు మొక్కీ మొక్కీ నీకు కాళ్లు మొక్కుడు గంత అలవాటైంది, ఆఖరికి బిడ్డ కాళ్లు గూడ మొక్కుతనంటున్నవ్. ఈస్టరుకు ఇక్కడికి రాకు.

నిర్మల


ఎర్రచెల్క
ఫిబ్రవరి 27

బిడ్డా, దిగింది! మట్టి దిగింది!

ఈ ఉత్తరం గడి సంచిల రాలేదు. సైదులు చేతికిచ్చి రైలెక్కించిన. గందుకే ఇది పొడుగున్నది. నెలన్నర సంది మింగిన తిట్లు గూడ ఉన్నయ్, ఓపికగ చదువు. ముందు సైదులుకు కడుపు నిండ అన్నం పెట్టు. వాని చేతుల ఒక ముంత ఉంటది, మూతికి బట్ట కట్టి ఉంటది. దాన్ని ఇప్పకు. ఎందుకో ఆఖర్ల చెప్త.

ముప్పై ఒక్క ఏండ్ల కింద నేను అబద్ధం నడిచిన. గీ మాట నీకు ఎన్నడు చెప్పలే. అప్పుడు దొర ఈ మురారిరావు తండ్రి. బంచరాయి మూల రాయిని పెకిలించి నూట ఎనభై ఆరడుగులు ఇవతల నాటుమన్నడు. నాటకుంటే మా నాయినను గడి ముందట కట్టేస్తనన్నడు. నాటిన. మట్టి నెత్తిన వెట్టుకొని కొత్త రాయి మీదికెల్లి నడిచిన. పదహారెకురాల ఉమ్మడి జాగ దొరదైంది. ఆడ మామిడితోట వెట్టిండు. ఇంటికొస్తె మీ అమ్మ గడప కాడ ఎదురొచ్చింది. కొత్త పెండ్లికూతురు. నా మొఖం ఒక్కసారి సూసింది, చేతులు ఎనుకకు పెట్టుకుంది. "నేను దించ" అన్నది. నేనే పోయి వాగుల పారేసిన. పారేస్తె దిగినట్టు కాదు బిడ్డా. మీ అమ్మ అన్న మట్టి గది. తానం ముచ్చట కాదు, ఊడిగం ముచ్చట గూడ కాదు.

అయితే ఒక పని నేను చెయ్యలే. మనోళ్లు మూల రాయి నాటేటప్పుడు కింద గుంటల బొగ్గులు, కుండ పెంకులు పోస్తరు. రాయిని ఎవడన్న జరపొచ్చు. బొగ్గు మాత్రం ఎన్ని ఏండ్లైనా కుళ్లదు, ఉన్న కాడనే ఉంటది. పాత గుంటల బొగ్గు గూడ తవ్వి తియ్యాలె అప్పుడు. చేతులు రాలే. గా బొగ్గు గురించి నాకు, మీ అమ్మకు తప్ప ఎవరికి తెల్వది. దొరలకు భూమి మీదున్నదే తెలుసు, కిందున్నది తెల్వది. తవ్వేటోళ్లం మనం గదా.

గిప్పుడు అర్థమైందా నేనెందుకు ఎగిరి గంతేసిన్నో? మల్ల నడువుమని దొరనే పిలిచిండు. కాలేజి కాదు, స్వర్గం కడ్తనన్నా నాకు గంత సంతోషం కాకపోవు.

ఇగ మొన్న శనివారం ముచ్చట. తాసిల్దారు కొత్తోడు, పడుచోడు, కండ్లద్దాలోడు. గడిల చాయ తాగలే. తాగే నీళ్లు గూడ వెంట తెచ్చుకున్నడు. అప్పుడే అనుకున్న, వీనితోని పనైతదని. ఊరు ఊరంత గుట్ట కింద జమైంది. దొర జరీ కండువ మీద దండ గూడ వేసుకొనొచ్చిండు. దండ ఎవరేసిండ్రంటె ఎవరు చెప్పలే, ఆయనే వేసుకున్నట్టున్నది.

తాసిల్దారు ముందుగాల నీ దరఖాస్తు తీసిండు. గట్టిగ చదివిండు, ఒక్క వరుస గూడ ఎగవెట్టలే. "బల్లకు, తువ్వాలకు అమ్ముడువోయిన మనిషి" అన్న కాడ ఊరంత నన్నే సూసింది. సుక్కమ్మ తూ అని ఉమిసింది. "గీయనను నడువనీయద్దని గీయన బిడ్డనే అంటున్నది, వేరేటోన్ని సూడాల్నా?" అన్నడు తాసిల్దారు. అయిపోయింది, నా బిడ్డనే నా కాళ్లు కట్టేసిందనుకున్న.

అప్పుడు లేచిండు బిడ్డా మన మురారిరావు! రెండు చేతులెత్తి, "తాసిల్దారు సాబ్, గది ఆడపిల్ల, ఆవేశంల రాసింది. మూడూర్లల్ల ఇస్రాయేలు అంత సత్యమైన మనిషి లేడు. ఆయన ఎటు నడిస్తె గదే హద్దు, నేను ఒప్పుకుంట" అన్నడు.

"రాసిస్తరా?"

"ఎందుకు రాసియ్య?"

రాసిచ్చిండు. సంతకం కింద గీత గూడ గీసిండు. నువ్వు నన్ను గంతగనం తిట్టకుంటే గా సంతకం వచ్చునా? గడిల నీ ఉత్తరం చదివిన దినం సంది ఆయనకు నా మీద అనుమానమన్నదే లేదు. నేను వంద దండాలు పెడ్తె గంత నమ్మకపోవు. నువ్వు తిట్టినవని నేను ఏడ్చిన దినాలున్నయ్, గవన్ని వాపస్ తీసుకుంటున్న.

ముందటి రోజు దొర నా చెవుల ఏమన్నడో తెల్సా? "నువ్వు కిరస్తానం కలిసినోనివి గదా, నీకు మట్టి ఒట్టు అంటదులే. పాత లెక్కనే నడువు." మతం మారితే మనిషి సిగ్గు గూడ మారుతదనుకున్నడు. టోపి మార్చినంత సులువనుకున్నడు.

వాగుల తానం చేసిన. దొర ఇచ్చిన ఎర్ర అంచు తువ్వాలనే చుట్టబట్ట చేసి, దాని మీద మట్టిగడ్డ పెట్టుకున్న. గా తువ్వాల గంత మంచి పనికి వస్తదని దొర అనుకోని ఉండడు. గుట్ట మీది ఎర్రబండ కాడికెల్లి మొదలువెట్టిన. ఎనుక తాసిల్దారు, ఆయన ఎనుక దొర, పట్వారి, ఊరు. నేను నాటిన రాయి కాడికొచ్చినం. ఆడ ఎడమకు తిరగాలె. నేను తిరగలే. సీదగ పోయిన.

"ఏయ్, ఏయ్, ఇస్రాయేలూ! ఎటు?"

"హద్దు ఎటు పోతె గటే దొరా."

"రాయి ఈడున్నది గదరా!"

"రాయి ఈడనే ఉన్నది దొరా. హద్దు ఆడున్నది."

తోట తలుపుకు తాళం. తాళం చెవి పోయిందన్నడు దొర. నెత్తి మీద మట్టి, ముందట తాళం, నేను ఆగిన. తాసిల్దారు చేతి గడియారం సూసుకుంట నిలవడ్డడు. సైదులు పోయి కంప పక్కకు గుంజిండు. లోపలికి పోయిన. ఒకటి, రెండు, మూడు. ముప్పై ఒక్క ఏండ్ల సంది మనసుల లెక్కవెట్టుకుంటనే ఉన్న, తప్పు పోలే. నూట ఎనభై ఆరు. పెద్ద మామిడిచెట్టు పక్కన నిలవడి, "ఈడ తవ్వుండ్రి" అన్న.

మోకాలు లోతు తవ్వంగనే పెంకులు. దాని కింద బొగ్గు. నిన్న పొయ్యిలకెల్లి తీసినట్టు నల్లగ, గట్టిగ. ఊరు నోరు తెరిచింది. దొర నోరు మూసిండు. అచ్చం వాడిన గోంగూర కట్టోలె అయింది మొఖం.

తాసిల్దారు నన్నడిగిండు, "గీడ ఉన్నదని నీకెట్ల తెల్సు?"

అందరి ముందట చెప్పిన. రాయి జరిపింది, అబద్ధం నడిచింది, అన్ని. "శిక్ష ఏస్తె ఏసుకోండ్రి సాబ్, ముందు ఈ మట్టి దించుకోనీయుండ్రి" అన్న. ఆయన కండ్లద్దాలు తుడుచుకున్నడు. రాసుకున్నడు. శిక్ష మాట ఎత్తలే.

తర్వాత జేబుల నుంచి దొర అచ్చు కాగితం తీసిండు. "మామిడి తోపుల చల్లని నీడలో, ఊరుమ్మడి జాగాలో అని మీరే రాసిండ్రు. గిదిగో తోపు, గిదే ఉమ్మడి జాగ, పదహారెకురాలు. ఈడ కట్టుకోండ్రి, నేను సిఫారసు రాస్త. గుట్ట కింద దున్నుకునేటోళ్లను కదిలించే అవసరమే లేదు."

అప్పుడు దొరకు ఏం యాదికొచ్చింది? వాస్తు! తోటల కాలేజికి వాస్తు కుదరదట. మన చేన్లల్ల కుదిరిన వాస్తు ఆయన తోటల కుదరదట. ఊరంత నవ్వింది బిడ్డా. దొర తోటల, దొర ముందటనే, నోరు తెరిచి నవ్వుడు నా జన్మల సూడలే. ఎనుక నుంచి ఎవరో ముసలామె, "ఆకుపచ్చ చీర!" అని ఒక్క మాటన్నది. ఇగ నవ్వు ఆగలే.

నిన్న పట్నం పోయిండు, గుండెల నొప్పని. ఈసారి పగటి పూట, సొంత ధోతి కట్టుకొని పోయిండు. ఎంతన్న మారిండు. అచ్చు కాగితాల కట్టలు గడి ముందట పడి ఉన్నయ్. సుక్కమ్మ రెండు కట్టలు తెచ్చి గంపల అడుగున పరిచింది. ఫౌంటెను మీద మన ఆముదాలు పోస్తున్నది. కాలేజి బొమ్మ ఒకందుకు పనికొచ్చింది.

పై నుంచి కలెక్టరు హుకుం ఇంక రావాలె. వస్తదో, మల్ల ఏ కాగితం అడ్డం వస్తదో తెల్వదు. గా కాలేజి అందరి పిల్లలకు కడ్తరో, అసలే కట్టరో గది గూడ తెల్వదు. కని భూమి చెప్పాల్సింది భూమి చెప్పింది.

మట్టి ముచ్చట. నడిచి ఇంటికొస్తె ఎదురొచ్చే ఆడమనిషి లేదు. గడప కాడ నిలవడ్డ. సుక్కమ్మ ఉరికొచ్చింది, ఏడ్చుకుంట, తిట్టుకుంట. "నోరు లేదారా అన్నా? చెల్లెకు చెప్పొద్దా?"

"నీకు చెప్తె ఊరికి చెప్పినట్టే గదనే."

"చెప్తనే!" అన్నది, చేతులు చాపింది. సగమే దించనిచ్చిన. తక్కిన సగం నేనే పట్టుకొని కూసున్న. గదే ముంతల పంపుతున్న.

ఈస్టరుకు రావద్దన్నవ్. వస్త. వంటశాల పెత్తనం నీదే గన్క కోడి కొయ్యి.

ముప్పై ఒక్క ఏండ్లకు మెడ నిట్టగ నిలవెట్టిన మీ నాయిన,
ఇస్రాయేలు

చెప్పవల్సినోళ్లు:

అల్లుడు దానియేలుకు. నా మీద నమ్మకం ఉంచింది ఆయనొక్కడే. ముందు ఆయనకు చెప్పి, తర్వాత ఆయన ముందట జర తలవంచుకో.

ఆత్మకూరుల మైసమ్మ పెద్దమ్మకు. చెవుడు, గట్టిగ చెప్పు. వాడంత వినవడితె ఇంక మంచిది.

ఎల్లేశం బావకు. నేను గడికే నడుస్తనని అందరితోని అన్నడట. ఊకనే చెప్పు, ఎత్తిపొడువకు. నువ్వు గూడ గదే అన్నవ్.

భిక్షం మామకు. సంగంల ఉన్నడని జైల్ల వెట్టిండ్రు గదా, ఆయనకొచ్చే ఉత్తరాలు జైలోళ్లు చదువుతరు. "ఆముదాలు మంచిగ కాసినయ్" అని మాత్రం రాయి. ఆయనకు అర్థమైతది.

నర్సింగమ్మ చిన్నమ్మకు. మీ అమ్మ చెల్లెకు ఒక్కదానికే గా రాయి సంగతి చెప్పుకున్నట్టున్నది. గందుకే ఆమె ముప్పై ఏండ్ల సంది మన ఇంట్ల నీళ్లు ముట్టలే. ఇగ వచ్చి తాగుమను.

మీ అమ్మకు. అందరికంటె ముందు ఆమె కాడికే పో. మాటలేం వద్దు. ముంత మూతి ఇప్పి, గా మట్టి సమాధి మీద పెట్టు. అప్పుడు ఆమె చేతులు ఎనుకకు పెట్టుకున్నది. నీ చేతులతోని దించు.